పాడాడా లేదా అన్నదొక్కటే లెక్క కాదు

అమ్మా, మీ ప్రశ్న ఆసాంతం చదివాను. మిగతావారికి కూడా సంగతి తెలియాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. కాలేజీ రోజుల నుంచి ఏడుగురు కుర్రాళ్ల కొరియా పాప్ బృందమంటే మీకు ప్రాణం. అందులో అందరికన్నా ఇష్టమైన అబ్బాయి ఒంటరిగా కచేరీ చేయడానికి ముంబయి వస్తున్నాడని తెలిసి, జీతంలో నెలనెలా కొంత పక్కన పెట్టి, పిన్ని కూతురిని వెంటబెట్టుకుని సికింద్రాబాద్‌లో రైలెక్కారు. ఆరుబయట మైదానం. వేదికకు దాదాపు వంద మీటర్ల వెనక, నిలబడి చూసే టికెట్టు. కచేరీ గంటన్నర ఆలస్యంగా మొదలై, రాత్రి పది కాగానే ముగిసింది. గొంతు అచ్చం రికార్డులో ఉన్నట్టే ఉంది, తెర మీద పెదవులు మాత్రం పాటతో కలవలేదు. గాలి వీచినప్పుడల్లా పాట దగ్గరికీ దూరానికీ ఊగింది. మధ్యమధ్యలో వీడియోలు, దుబాసీ మాటలు, బృందం పాటలేమో ముక్కలు ముక్కలుగా. బయటికి వచ్చాక ఏడుపూ రాలేదు, సంతోషమూ కలగలేదు. ఆ మాట అభిమానుల గ్రూపులో రాస్తే, నిజమైన అభిమాని ఇలా మాట్లాడదని అందరూ మీద పడ్డారు. అతను అసలు పాడాడా, తప్పు నాదా, మళ్లీ వెళ్లవచ్చా, కచేరీలో ఊపడానికి అంత డబ్బు పోసి కొన్న లైటు కర్రను అమ్మేయాలా అని అడిగారు.

నేను పాలమూరు వాడిని. మహబూబ్‌నగర్‌లో మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణంలో వైర్లు చుట్టడంతో మొదలుపెట్టి, జాతరలు, ఆర్కెస్ట్రాలు, ఎన్నికల సభలు అన్నీ చూసి, ఆ తరువాత హైదరాబాద్, బెంగళూరు, ముంబయి నగరాల్లో పెద్ద కచేరీలకు సౌండ్ పని చేశాను. కొరియా పాటల గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. నాకు తెలిసినదంతా మా అమ్మాయి చెవిలో పోరు పెట్టి చెప్పినదే. కానీ అలాంటి మైదానంలో ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు.

మీ చెవి మిమ్మల్ని మోసం చేయలేదు. నిరాశపడవలసినవి అక్కడ నిజంగానే ఉన్నాయి. అయితే నిర్వాహకుల లోపాన్నీ, మైదానం స్వభావాన్నీ, ఒంటరి కచేరీ అనేదానిలోనే ఉన్న ఇబ్బందినీ కలిపి మొత్తం ఆ అబ్బాయి పేరు మీద ఒకే పద్దుగా రాసేశారు. వాటిని విడదీస్తే అతని పేరు మీద మిగిలేది కొంచెమే. ఆ కొంచెం గురించి కూడా మొహమాటం లేకుండా చెబుతాను.

పెదవులు కలవకపోవడంతో మొదలుపెడదాం, మీ అనుమానమంతా అక్కడే పుట్టింది కాబట్టి. వెచ్చని రాత్రి గాలిలో ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు వెళుతుంది. వంద మీటర్ల దూరంలో ఉన్న మీకు పాట చేరడానికి పావు సెకను పైనే పడుతుంది. తెర మీది బొమ్మ వెలుతురు కాబట్టి దూరమెంతైనా అప్పటికప్పుడే కంటికి చేరుతుంది. కెమెరా నుంచి తెరకు వచ్చే దారిలో బొమ్మకు కూడా కాస్త ఆలస్యం జరుగుతుంది గానీ అంత దూరాన్ని పూడ్చడానికి అది చాలదు. అందుకే అతను నోరు మూశాక కూడా మీకు మాట వినబడుతూనే ఉంటుంది. అక్కడ సాక్షాత్తూ తాన్‌సేనే వచ్చి పాడినా వెనక వరుసలకు పెదవులు కలవవు. ముందు నిలబడినవారు ఫోనులో తీసిన వీడియోలో పెదవులు కలుస్తాయి, వెనక నుంచి తీసినదాంట్లో కలవవు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు కొట్టుకునేవారికి ఈ చిన్న భౌతికశాస్త్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

మైదానం మధ్యలో స్తంభాలకు కట్టిన స్పీకర్లు మీకు కనిపించాయా? అంత పెద్ద చోట వెనకవారి కోసం అవి ఉండాలి. వాటిలోకి పంపే ధ్వనిని కావాలనే కొద్దిగా ఆలస్యం చేస్తారు, వేదిక నుంచి గాలిలో వచ్చే ధ్వనితో సరిగ్గా కలిసేలా. అలా చేయకపోతే ఒకే మాట రెండుసార్లు వినబడుతుంది. స్తంభాలు ఉన్నంత మాత్రాన పెదవులు కలవవు గానీ మాట తేటగా అందుతుంది. గాలికి పాట ఊగిందని మీరు రాసినదాన్ని బట్టి, అవి అక్కడ లేవు, ఉన్నా చాలినన్ని లేవు అనిపిస్తోంది. దూరం నుంచి వచ్చే ధ్వనిలో ముందుగా సన్నబడేది ‘స’, ‘శ’, ‘ట’ వంటి హల్లులను విడమర్చి వినిపించే భాగమే. అది పోతే మిగిలేది మందమైన మోత. ఇది అద్దె ఆదా చేసుకున్నవారి లోపం. గాయకుడికి దీనితో ఏ సంబంధమూ లేదు.

ఇక పాడాడా అన్న మాట. ఆ రోజు ధ్వనులన్నీ కలిపే మిక్సర్ బల్ల ముందు ఉన్నది నేను కాదు కాబట్టి అవునని గానీ కాదని గానీ ప్రమాణం చేయలేను. కొరియా వాళ్లు గొంతుతో సహా అంతా రికార్డు చేసిన ట్రాకును ఏ.ఆర్. అనీ, వాద్యాలు మాత్రమే ఉన్నదాన్ని ఎం.ఆర్. అనీ అంటారని మీకు తెలుసు. అభిమానులు ఆ రెండింటిలో ఏదో ఒకటే ఉంటుందన్నట్టు వాదించుకుంటారు. ఆడుతూ పాడే కచేరీల్లో ఎక్కువగా జరిగేది మధ్యరకం. అతని గొంతునే స్టూడియోలో రికార్డు చేసి అడుగున పరుస్తారు, దాని మీద అతను మైకులో పాడతాడు. మెల్లని పాటలో అడుగు గొంతును తగ్గిస్తారు, దూకుళ్లూ గిరికీలూ ఉన్న పాటలో పెంచుతారు. కొన్ని చోట్ల మైకును దాదాపు మూసేసే సందర్భాలూ ఉంటాయి.

కనిపెట్టాలంటే చూడవలసింది ఊపిరి. ఎగిరి నేల మీద పడినప్పుడు గొంతులో చిన్న కుదుపు రావాలి. చేతి మైకు నోటికి బాగా దగ్గరైతే ‘ప’, ‘బ’ దగ్గర గాలి కొట్టిన చప్పుడు వస్తుంది. మైకును జనం వైపు తిప్పినా గొంతు అదే స్థాయిలో వినబడుతుంటే అది ట్రాకే. చెంపకు అంటించుకునే మైకు అయితే ఈ పరీక్ష పనికిరాదు. ఎం.ఆర్. తీసేశామని చెప్పి పెట్టే వీడియోలను మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. మైదానంలోని ప్రతిధ్వనీ, చుట్టుపక్కలవారి కేకలూ, ఫోను తనంతట తాను స్థాయిని పెంచి తగ్గించడమూ అన్నీ కలిసిపోయిన రికార్డింగులోంచి స్టూడియో ట్రాకును శుభ్రంగా తీసివేయడం కుదిరే పని కాదు. మిగిలేది సగం గొంతు, సగం కంప్యూటర్ చేసిన గాయాలు.

మీరు రాసినదాంట్లో ఒక వాక్యం దగ్గర నేను ఆగాను. చివర్లో ఎత్తు కుర్చీ మీద కూర్చుని పాడిన మెల్లని పాటలో, రెండో చరణం దగ్గర గొంతు కొంచెం బొంగురుపోయిందనీ, ఆ కాసేపు మాత్రం ఒళ్లు జలదరించిందనీ అన్నారు. రికార్డు చేసిన గొంతు అలా బొంగురుపోదు, పోతే స్టూడియోలోనే మళ్లీ పాడిస్తారు. ఆ పాట అతను పాడాడు, మీరు విన్నారు.

నాకు ట్రాకు మీద పగ లేదు. తెర వెనక ఎంత సాయం ఉన్నా ఎదుట నిలబడిన మనిషి మనవైపు చూస్తే చాలు. నాకు కోపమల్లా గడియారం మీద, అంటే గాయకుడి చెవిలో తాళం కొడుతూ పాటను నడిపించే టక్ టక్ మీద. గాయకుడి చెవికి ధ్వని పంపే మానిటర్ బల్ల దగ్గర పనిచేసేటప్పుడు, గాయకుడి చెవిలో ఏం వినబడుతోందో అదే మేమూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటాం. కొత్తగా వినేవారు బిత్తరపోతారు. ముందు టక్, టక్, టక్, టక్ అని ఎండు చప్పుడు. దాని వెనకే ఎవరో ముందుగా రికార్డు చేసి పెట్టిన గొంతు ‘చరణం, రెండు, మూడు, నాలుగు’ అని లెక్కపెడుతుంది. ఆ తరువాత డ్రమ్ములు, కొంచెం కీబోర్డు, అతని సొంత గొంతు. ఎదురుగా వేల మంది అరుస్తున్నా ఆ అరుపు దాదాపు ఉండదు, చెవి పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది కాబట్టి. వేదిక అంచున జనం వైపు తిప్పి పెట్టిన మైకులు ఉంటాయి. మానిటర్ ఇంజనీరు వాటిని కాస్త కలిపితేనే మీ కేక అతని చెవిలో పడుతుంది. కలపకపోతే మీరు ఊపే చేతులు కనబడతాయి, గొంతులు వినబడవు. కొందరు గాయకులు పాట మధ్యలో ఒక చెవిది పీకి భుజం మీద వేసుకుంటారు కదా, అది స్టైలు కోసం చేసే పని కాదు. ఈసారి గమనించండి, పీకిన వెంటనే వాళ్ల ముఖం మారిపోతుంది.

ఆ టక్ టక్‌తో పాటే ఇంకో సంకేతం దీపాలకూ, తెర మీది వీడియోకూ, నిప్పురవ్వలు చిమ్మే యంత్రాలకూ పోతుంది. మీ చేతిలోని లైటు కర్ర ఉన్నట్టుండి నీలం నుంచి ఎరుపుకు మారిందన్నారే, అదీ ఇలాంటి ఏర్పాటే. పాట ఒకసారి మొదలైందంటే పల్లవిని ఇంకొకసారి ఎత్తుకోవడం కూడా అతని చేతిలో ఉండదు. జనం ఊగిపోతున్నారని ఒక్క వరుస పొడిగిస్తే దీపాలు ముందుకు పోతాయి, బొమ్మ ముందుకు పోతుంది, అతనొక్కడే వెనకబడతాడు. ‘మాతో ఉన్నట్టు అనిపించలేదు’ అని మీరు రాసినదానికి నాకు తోచిన పెద్ద కారణం ఇదే. కచేరీ ఊరూరా అదే కొలతకు కుట్టి తెచ్చినది. మీరు అక్కడ ఉన్నా లేకపోయినా ఆ పాట అంతే సేపు సాగుతుంది.

ఒంటరితనం సంగతికి వస్తాను. బుర్రకథ చూసి పెరిగినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. నడుమ తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు, ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. వారు ‘తందాన తాన’ అని అందుకున్నప్పుడల్లా కథకుడికి ఊపిరి దొరుకుతుంది, జనానికి మరో గొంతు, మరో ముఖం దొరుకుతాయి. వీరరసం మరీ ముదిరితే హాస్యగాడు ఒక చురక వేసి దాన్ని దించుతాడు. ఆ ఇద్దరినీ తీసేసి, అదే కథను అదే ఊపుతో తెల్లవార్లూ చెప్పమంటే కథకుడు ఎంత మొనగాడైనా మూడో ఘట్టానికి గొంతు పోతుంది. మీ అబ్బాయికి ఒక్కసారిగా ఆరుగురు వంతలు లేకుండా పోయారు.

మీరు లెక్కల మనిషి కాబట్టి అంకెల్లోనే చూడండి. మూడున్నర నిమిషాల పాట అంటే 210 సెకన్లు. ఏడుగురు సమానంగా పంచుకుంటే తలా 30 సెకన్లు. ఒక రాత్రి అలాంటివి 24 పాటలు పాడినా ఒక్కొక్కరి వంతు 12 నిమిషాలే. ఒంటరివాడు అదే నిడివిగల పాటలు 16 పాడితే 56 నిమిషాలు. అంటే పాటలు తగ్గినా పాడే భారం నాలుగున్నర రెట్లు దాటింది. పైగా బృందంలో నృత్యం కూర్చేవారు పాడుతున్నవాడికి అడుగులు తగ్గించి, పక్కవారికి దూకుళ్లు పెడతారు. ఒంటరివాడికి ఆ వెసులుబాటు తక్కువ, కెమెరా అతని మీది నుంచి కదలదు. మీరు విసుక్కున్న వీడియోలు అందుకే వస్తాయి. బట్టలు మార్చుకోవడం పైకి చెప్పే కారణం. తెర వెనక అతను కూలబడి, నీళ్లు తాగి, తువ్వాలుతో మెడ తుడిపించుకుంటూ ఊపిరి కూడగట్టుకుంటూ ఉంటాడు. బృందం పాటలను ముక్కలు చేసి పాడటం కూడా ఇలాంటిదే. ఆరుగురి వరుసలు అతను ఒక్కడే పాడితే మీరంతా మిగతా ఆరు గొంతుల కోసం వెతుక్కుంటారు. ఆ వెలితి బయటపడకముందే తరువాతి పాటలోకి దూకేస్తారు.

అంత కష్టమైతే ఎందుకు దిగడం అంటారేమో. దక్షిణ కొరియాలో ఆరోగ్యంగా ఉన్న ప్రతి యువకుడూ సైన్యంలో పనిచేయాలి, పదాతి దళంలో అయితే 18 నెలలు. ఒకరి తరువాత ఒకరు వెళుతుంటే బృందం ఏళ్ల తరబడి నిండుగా ఉండదు. బి.టి.ఎస్. అనే ఏడుగురి కొరియా బృందం కూడా 2022 జూన్‌లో ఎవరి పాటలు వారు చేసుకుంటామని చెప్పింది, ఆ డిసెంబరులో జిన్‌తో మొదలై ఏడుగురూ వంతులవారీగా సైనిక సేవకు వెళ్లారు. ఆ ఖాళీలో కంపెనీలు మిగిలినవారిని ఒంటరిగా వేదిక ఎక్కిస్తాయి. కొందరికి అది ఎన్నాళ్లుగానో ఉన్న కోరిక. కొందరిని తోసేస్తారు.

అయినా ఒంటరిగా నిలబడటం నేర్చుకోదగ్గ విద్యే. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర ఎత్తుకుని పండుగ సాయన్న కథ అందుకుంటే పక్కన ఇంకెవరూ లేరన్న ఊహే రాదు. ఇక ఆర్కెస్ట్రాల్లో నేను చూసినది ఒకటి చెబుతాను. దీపావళి వెళ్లాక జరిగే కురుమూర్తి జాతరలో ఒక బృందానికి సౌండ్ చూస్తున్నాను. యుగళగీతాలు పాడవలసిన గాయకుడు దారిలో బస్సు చెడిపోయి రాలేకపోయాడు. గాయని ఒక్కతే మిగిలింది. ఆవిడ మైకు తీగ చేతికి చుట్టుకుని వేదిక దిగి, ముందు వరుసలో కండువాతో కూర్చున్న ఒక పెద్దాయన ముందు ఆగి, ‘మామా, ఈ వరుస నేను పాడతాను, తరువాతిది నువ్వు పాడాలి’ అంది. ఆయన సిగ్గుపడి, గొంతు సవరించుకుని, శ్రుతి వదిలేసి, మాటలు తారుమారు చేసి పాడాడు. జనం పడీ పడీ నవ్వారు. అక్కడి నుంచి ప్రతి యుగళగీతానికీ ఒక కొత్త మామ. స్పీకర్ల ముందుకు మైకు వస్తే కీచుమంటుంది కదా, అది జరగకుండా చూసుకోవడంతోనే నా రాత్రంతా గడిచింది. ఆవిడ గొంతు చాలా మామూలుది. కానీ ఆ రాత్రి లేచి వెళ్లిపోయినవారు లేరు.

మీ అబ్బాయికి భాష అడ్డం, గడియారం అడ్డం, వేదిక ముందు ఇనుప కంచె అడ్డం. అన్నీ ఒప్పుకుంటాను. కానీ దుబాసీని పక్కన పెట్టుకుని, ‘నమస్తే ఇండియా’ అనీ, ఇక్కడి కూర తిన్నాననీ, చాలా కారంగా ఉందనీ చెప్పి చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోయాడన్నారే, అది అతని ఖాతాలోనే వేస్తాను. ఏ దేశానికి వెళితే ఆ దేశపు వంటకం పేరు చెప్పే ఈ అలవాటంటే నాకు మహా చిరాకు. దుబాసీ ఉన్నప్పుడు ప్రతి మాటకూ రెట్టింపు సమయం పడుతుంది, కాబట్టి చెప్పే నాలుగు మాటలూ విలువైనవై ఉండాలి. ఏ పాట తనకు కష్టంగా ఉందో, ఆరుగురు లేకుండా వేదిక మీదికి నడిచి రావడం ఎలా ఉందో ఒక్క ముక్క చెప్పి ఉంటే, మీరు ఆ వంద మీటర్లను లెక్క చేసేవారు కాదు. ఇది గొంతుతోనూ ఊపిరితోనూ పని లేనిది, గడియారం కూడా అడ్డుపడనిది.

పది గంటలకు ఆపేయడం గురించి కోపం వద్దు. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండుగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు గానీ, ఏడాదికి 15 రోజులు మించకూడదు. వాటిని పండుగలే వాడేసుకుంటాయి. కోపం రావలసింది గంటన్నర ఆలస్యం మీద. గేట్లు తక్కువ పెట్టి, తనిఖీ దగ్గర జనాన్ని నిలబెట్టేసి, ఆ పోయిన సమయాన్ని పాటల్లోంచి తీసేస్తారు. పాట లోపల కోయడం కుదరదని చెప్పాను కదా, అందుకే పాటలకు పాటలే ఎగిరిపోతాయి. మిక్సర్ బల్ల మీద టేపు వేసి అంటించిన జాబితాలో అప్పటికప్పుడు మార్కర్‌తో గీత కొట్టేస్తారు. మిగతా నగరాల జాబితాతో పోల్చి మూడు పాటలు తగ్గాయన్నారు, బహుశా అవి ఆ గీత కింద పోయినవే.

డబ్బు వెనక్కి వస్తుందా అని ఇంకెవరో అడిగారు. కచేరీ నచ్చకపోవడం ఫిర్యాదు కాదు. టికెట్టు మీద ప్రకటించినది ఇవ్వకపోతే, లోపలికే రానివ్వకపోతే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు విలువకు అక్కడ రుసుము లేదు. మీ విషయంలో ఆలస్యానికీ తగ్గిన పాటలకూ పోరాడి గెలవడం కష్టమని నా అభిప్రాయం.

ఏమీ అనిపించకపోవడం మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టినట్టుంది. ఇన్నేళ్లుగా ఫోనులో అతన్ని జానెడు దూరంలో చూశారు. కెమెరా ఎప్పుడు ఎటు తిరగాలో వేరెవరో మీ కోసం ఎంచి పెట్టారు. కనురెప్ప కదిలినా మీకు తెలిసింది. వంద మీటర్ల దూరంలో నిండు మనిషి, చేయి చాచి కొలిస్తే మీ బొటనవేలి గోరంత ఉంటాడు. ముందున్నవారు ఎత్తి పట్టుకున్న ఫోనుల సందుల్లోంచి ఆ గోరంత మనిషిని వెతుక్కుంటూ, కాసేపటికి మీరూ తెరనే చూడటం మొదలుపెట్టి ఉంటారు. అంటే అంత దూరం వెళ్లి మళ్లీ బొమ్మనే చూశారు, అదీ పెదవులు కలవని బొమ్మను. ఇందులో ప్రేమ తగ్గినట్టు రుజువు ఎక్కడుంది? గ్రూపులో మిమ్మల్ని తిట్టినవారిలో కొందరు ముందు వరుసల్లో ఉండి ఉంటారు, కొందరు అసలు వెళ్లి ఉండరు. వారితో వాదించకండి. అక్కడ నచ్చలేదన్న మాటను టికెట్టు కొన్న డబ్బుకు అవమానంగా తీసుకుంటారు.

మళ్లీ వెళ్లవచ్చా అంటే, వెళ్లండి. కానీ ఏ గాయకుడిదైనా మొట్టమొదటి ఒంటరి యాత్రకు నేను డబ్బు పెట్టను. ఆ యాత్రలో నేర్చుకున్నది రెండోసారి వచ్చినప్పుడు కనబడుతుంది. తేదీ ప్రకటించగానే కొనేయకుండా, వేరే నగరాల్లో చూసినవారు నిడివి గురించీ, వాద్యబృందం ఉందా లేక ట్రాకు మీదే నడిచిందా అన్నదాని గురించీ ఏం రాశారో చూడండి. వాద్యకారులు ఉంటే అన్నిసార్లూ కాకపోయినా కొన్ని పాటల్లోనైనా గడియారం పక్కకు జరుగుతుంది, గిటారు వాయించే అతను ఒక నిమిషం ఎక్కువ వాయించి గాయకుడికి ఊపిరి ఇస్తాడు. పైకప్పు ఉన్న హాలైతే గాలి బెడద ఉండదు, కాంక్రీటు గోడల ప్రతిధ్వని బెడద ఉండవచ్చు.

టికెట్టు కొనేముందు మైదానం పటంలో మిక్సర్ ఎక్కడ పెడుతున్నారో వెతకండి. సాధారణంగా వేదికకు ఎదురుగా, నడుమ, గుడారం వేసిన ఎత్తు అరుగు మీద ఉంటుంది. ధ్వని కలిపేవాడు అక్కడ ఏం వింటాడో దాన్ని బట్టే కలుపుతాడు, కాబట్టి మైదానం మొత్తంలో పాట సరిగ్గా వినబడే చోటు దాని ముందు పది పదిహేను అడుగులు. అన్నిటికన్నా ఖరీదైన టికెట్టు వేదికను ఆనుకుని ఉంటుంది. అక్కడ ముఖం కనబడుతుంది గానీ, పైన వేలాడే పెద్ద స్పీకర్ల ధ్వని తల మీదుగా వెనక్కి పోతుంది, వేదిక అంచున పెట్టిన చిన్న స్పీకర్లే మీకు గతి. ముఖం కావాలా, పాట కావాలా అన్నది మీ ఇష్టం. మా అమ్మాయి ముఖమే కావాలంటుంది. తిరుగు ప్రయాణంలో చెవుల్లో గుయ్యిమన్నదని రాశారు కదా, ఈసారి మోతను తగ్గించడానికి చెవిలో పెట్టుకునే స్పాంజి ఇయర్‌ప్లగ్గులు కొనుక్కుని వెళ్లండి. ఇలాంటి చోట్ల పావుగంట సగటు 100 డెసిబెల్ దాటకూడదని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ముందు వరుసల్లో అది దాటడం నేను మీటరు మీద చాలాసార్లు చూశాను.

లైటు కర్రను ఇప్పుడే అమ్మకండి. యాత్ర అయిపోయిన వెంటనే అందరూ అమ్మకానికి పెడతారు, సగం ధర కూడా రాదు. బృందం మళ్లీ కలిసి వస్తే అదే కర్ర పనికొస్తుంది, మోడల్ మారిస్తే మాత్రం కంపెనీని తిట్టుకోవడమే. అప్పటిదాకా లోపలి బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి. నెలల తరబడి అలాగే వదిలేస్తే కారిపోయి స్ప్రింగులకు తుప్పు పడుతుంది. నా పాత వైర్‌లెస్ మైకులు రెండు అలాగే పోయాయి.